తీర్మానం ఎక్కడి నుండి వచ్చింది?

(మెండోరలో పోటీ పరీక్షలకు చదువుతున్న యువతీయువకులు, గ్రామ కార్యకర్తలు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇక్కడ ఇద్దరు రకాల మనుషులం కూడినం. ఒక పక్క కానిస్టేబులు, గ్రూప్-4, గ్రూప్-1 అని పుస్తకాలు ముందటేసుకున్న మన పిల్లలు. ఇంకో పక్క ఊరూరా తిరిగి దరఖాస్తులు రాసి, ఠాణా మెట్లెక్కి, కమిటీలతోని కొట్లాడుతున్న మన కార్యకర్తలు. పరీక్షకు రీజనింగు కావాలె, పోరాటానికి గుండె కావాలె, ఈ రెండింటికీ ఏం సంబంధమని కొందరు అడుగుతున్నరు. సంబంధం ఒక్క మాటలోనే ఉన్నది. ఆ మాట 'తీర్మానం'.

పరీక్ష పుస్తకంలో ఒక పాఠం ఉంటది: ప్రకటనలు – తీర్మానాలు. పైన రెండు మూడు మాటలు ఇస్తరు. కింద తీర్మానాలు ఇచ్చి, ఏది వస్తది, ఏది రాదు చెప్పుమంటరు. మన ఊళ్లల్ల కూడా తీర్మానాలున్నయి. గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుంటది, తీర్మానం చేస్తది, తెల్లారి చాటింపు పడుతది. అక్కడ మాత్రం తీర్మానమే ఉంటది, దాని పైన ఉండవలసిన ప్రకటనలు ఉండవు. తీర్మానం ఎక్కడి నుండి వచ్చిందని అడిగేటోడు ఉండడు. అడగడం నేర్చుకుంటే పిల్లలకు మార్కులొస్తయి, ఊరికి న్యాయమొస్తది. ఈ పొద్దు మనం మాట్లాడుకునేది ఇదే.

వచ్చిందా? నిజమా?

ఏ తీర్మానాన్నయినా రెండు ప్రశ్నలు అడగాలె. మొదటిది: పైన చెప్పిన మాటల నుండి ఇది వచ్చిందా? రెండోది: పైన చెప్పిన మాటలు నిజమా? ఈ రెండూ వేరు వేరు. రెండింటినీ కలిపేస్తే పరీక్షలో మార్కు పోతది, పంచాయితీలో మాట పోతది.

పసుపు పండే నేల మీద ఉన్నం కాబట్టి పసుపుతోనే చెప్పుకుందాం. పరీక్షలో ఇట్ల అడిగిండ్రనుకోండ్రి: 'గోళలన్నీ పసుపే. కొంత పసుపు చవక. కాబట్టి కొన్ని గోళలు చవక.' వస్తదా, రాదా?

యార్డుకు పోయొచ్చినోళ్ల ఇంటి పిల్ల వెంటనే వస్తదని టిక్కు పెడుతది. ఎందుకు? ఆ పిల్లకు తెలుసు, కాడి కంటే గోళకు ధర తక్కువ పలుకుతదని. తెలిసిందే తప్పు చేయించింది! పైన ఇచ్చిన మాటలు చూడండ్రి. చవకైన పసుపు కొంత ఉన్నదన్నరు. అది గోళలోదా, కాడిలోదా చెప్పలేదు. అంతా కాడిదే కావచ్చు. కాబట్టి తీర్మానం రాదు. బయట అది నిజమైనా సరే, ఈ మాటల నుండి రాదు.

ఇప్పుడు దీన్ని తిప్పి చూద్దాం. 'పసుపంతా తెల్లగుంటది. గోళ పసుపే. కాబట్టి గోళ తెల్లగుంటది.' పిల్లలు నవ్వుతరు, తప్పు అంటరు. కాని ఇది వస్తది! పై మాటలు ఒప్పుకుంటే కింది మాట ఒప్పుకోక తప్పదు. అబద్ధం ఉన్నది పై మాటలో, దారిలో కాదు. పరీక్ష అడిగేది మొదటి ప్రశ్న ఒక్కటే: వచ్చిందా? కాబట్టి పరీక్ష హాలుకు పోయేటప్పుడు మనకు తెలిసిన లోకాన్ని చెప్పులతోపాటు బయట ఇడవాలె. బయటికొచ్చినంక మళ్లీ తొడుక్కోవాలె. ఎందుకంటే ఊళ్లె రెండు ప్రశ్నలూ అడగాలె.

మాటలు పెట్టే మోసం

మన తెలుగులో కొన్ని మాటలు పిల్లలను పడగొడుతయి. నాలుగు చెప్పుకుందాం.

'కొందరు'. ఊళ్లె 'కొందరొచ్చిండ్రు' అంటే కొందరు రాలేదని అర్థం చేసుకుంటం. పరీక్షలో అట్ల కాదు. 'కొందరు హమాలీలు చదువుకున్నోళ్లు' అంటే ఒక్కరన్నా చదువుకున్నోళ్లు ఉన్నరని, అంతే. అందరూ చదువుకున్నోళ్లే కావచ్చు కూడా. 'కాబట్టి కొందరు చదువుకోలేదు' అని రాస్తే తప్పు.

'అందరూ రాలేదు'. ఇది మరీ మోసం. ఒక్కరూ రాలేదనా? కొందరు వచ్చి కొందరు రాలేదనా? మన భాషలో రెండర్థాలూ పలుకుతయి. పరీక్షలో 'ఏ ఒక్కరూ కాదు', 'అందరూ కాదు' అనే రెండింటినీ విడదీసి చదవండ్రి. కార్యకర్తలకు ఇంకో మాట. ఠాణాలో వాంగ్మూలం ఇచ్చేటప్పుడు 'అందరూ కొట్టలేదు' అని రాయించొద్దు. 'ఫలానా ముగ్గురు కొట్టిండ్రు, మిగిలినోళ్లు నిలబడి చూసిండ్రు' అని రాయించండ్రి. రెండర్థాల మాట కోర్టులో అవతలి వకీలు చేతికి కట్టె ఇచ్చినట్టే.

'మాత్రమే'. 2021లో దళితబంధు అన్నరు, కుటుంబానికి 10 లక్షలు, ఎస్సీ కుటుంబాలకు మాత్రమే. చానా మంది మనోళ్లు ఏమనుకున్నరు? ఎస్సీ కుటుంబాలన్నిటికీ అనుకున్నరు. పొందినోళ్లందరూ ఎస్సీలు, నిజమే. ఎస్సీలందరూ పొందినోళ్లు కాదు. ఈ రెండు వాక్యాల నడుమనే ఎన్ని గుడిసెలల్ల ఆశ పుట్టి చచ్చిందో మీకు తెలుసు.

'అయితే'. ఇది మీ పక్కనున్న శ్రీరాంసాగర్‌తోనే తెలుస్తది. 'గేట్లు ఎత్తితే కింద గోదావరిలో నీళ్లు పెరుగుతయి.' ఇది పై మాట. 'నీళ్లు పెరిగినయి, కాబట్టి గేట్లు ఎత్తిండ్రు' అంటే వస్తదా? రాదు. దిగువన వాన పడి వాగులొచ్చి కలిసినా పెరుగుతయి. 'గేట్లు ఎత్తలేదు, కాబట్టి నీళ్లు పెరగలేదు' అంటే? అదీ రాదు, అదే కారణం. 'నీళ్లు పెరగలేదు, కాబట్టి గేట్లు ఎత్తలేదు' అంటే? ఇది వస్తది. నాలుగు దిక్కులల్ల పోయేటట్టు కనిపించినా దారులు రెండే: మొదటిది జరిగితే రెండోది జరుగుతది, రెండోది జరగకుంటే మొదటిది జరగలేదు. ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే పరీక్షలో చానా ప్రశ్నలు కరుగుతయి.

చెప్పని మాట

పుస్తకంలో ఇంకో పాఠం ఉన్నది: ప్రకటనలు – ఊహలు. పైన ఒక మాట ఇస్తరు. ఆ మాట నిలబడాలంటే చెప్పకుండా మనసుల ఏం పెట్టుకున్నరో పట్టుకొమ్మంటరు. మా లెక్కన బహుజనులకు అన్నిటికంటే అవసరమైన పాఠం ఇదే. మన మీద జరిగిన అన్యాయమంతా చెప్పని మాటల మీదనే నడిచింది.

'మార్కులు తక్కువొచ్చినయి, కాబట్టి తెలివి తక్కువ.' చెప్పని మాట ఏంది? మార్కులు తెలివిని తప్ప దేన్నీ కొలవవని. ఇంట్ల కరెంటు, తల్లిదండ్రుల చదువు, పొద్దున కూలికి పోయి మధ్యాహ్నం బడికొచ్చే బతుకు, ఇవేవీ మార్కుల్లో లేవని. ఆ మాటను బయటికి గుంజి పెడితే ఎవడన్నా ఒప్పుకుంటడా? బయట పెట్టరు కాబట్టే నడుస్తున్నది.

'కొందరు రిజర్వేషనోళ్లు బాగానే బతుకుతున్నరు, కాబట్టి రిజర్వేషన్లు అక్కర లేదు.' కొందరి నుండి అందరికి దూకిండ్రు. అన్యాయమంటే పైసలు లేకపోవుడొక్కటే అన్న చెప్పని మాటను కూడా అందులో దాచిండ్రు. మంచి జీతమున్న మనిషికి పట్నంలో కిరాయికి ఇల్లు దొరకనప్పుడు ఆ దాచిన మాట బయటపడుతది.

బాబాసాహెబ్ ఈ విద్యలో ఆరితేరినోడు. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ సభ కోసం రాసిన ఉపన్యాసాన్ని వాళ్లు చదవనివ్వలేదు. ఆయన దాన్ని సొంతంగా అచ్చేసిండు. అదే 'కుల నిర్మూలన'. ఆ రోజుల్లో పెద్ద పెద్దోళ్లు చేసిన వాదం ఇది: ఏ సమాజానికైనా పని పంచుకోవడం అవసరం. కులమంటే పని పంచుకోవడమే. కాబట్టి కులం అవసరం. దారి చూస్తే సక్కగనే ఉన్నది, తీర్మానం వస్తది! అంబేడ్కర్ దారి మీద కొట్టలేదు, రెండో మాట మీద కొట్టిండు. కులం పనిని పంచడం కాదు, పని చేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొట్టడమని చూపించిండు. ఆ ఒక్క మాట కూలితే తీర్మానం మొత్తం కూలింది. మనం సభల్లో గొంతు చించుకొని తీర్మానం మీద కొట్లాడుతం. ఆయన పునాది రాయి వెతికి తీసిండు.

వాడలేదంటే హక్కు లేనట్టా?

మహద్ సంగతి మీకు తెలుసు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రజా చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ దానికి ఒప్పుకున్నది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేల మందితో కదిలి చౌదార్ చెరువు నీళ్లు తాగిండు. తర్వాత జరిగింది మనోళ్లు తక్కువ చెప్పుకుంటరు. సవర్ణులు అదే ఏడు డిసెంబరులో కోర్టుకు పోయిండ్రు. అంటరానోళ్లు ఆ చెరువు ముట్టకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమని వాదించిండ్రు.

వాళ్ల తర్కం చూడండ్రి. 'ఇన్నేండ్లు వీళ్లు ఈ నీళ్లు ముట్టలేదు. కాబట్టి ముట్టే హక్కు వీళ్లకు లేదు.' చెప్పని మాట ఏంది? వాడని హక్కు లేని హక్కేనని! నేను మా ఇంటి వెనుక తలుపు పదేండ్లు తెరవకపోతే అది పక్కింటోని తలుపు అయితదా? ఆ కేసు పదేండ్లు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు అనాది ఆచారం రుజువు కాలేదని తేల్చింది, సవర్ణుల అప్పీలు ఓడిపోయింది. నీళ్లు తాగిన రోజును పండుగ చేసుకుంటున్నం. కోర్టులో పదేండ్లు ఒక్కో మాటకు రుజువు అడిగిన ఓపికను కూడా పండుగ చేసుకోవాలె.

ఇప్పటి సంగతి కూడా చెప్పాలె. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం అట్రాసిటీ చట్టం దుర్వినియోగం అయితున్నదని, ముందుగా విచారణ చేయాలని, అరెస్టుకు పైనుండి అనుమతి కావాలని ఆదేశాలిచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా మనోళ్లు రోడ్డెక్కిండ్రు, ప్రాణాలు కూడా పోయినయి. అదే ఏడు పార్లమెంటు చట్టాన్ని సవరించి 18ఎ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబరు 1న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ ఆదేశాలను వెనక్కి తీసుకున్నది.

దాని వెనుక దేశమంతా వినబడిన వాదం ఏంది? 'చానా కేసుల్లో శిక్ష పడతలేదు. కాబట్టి చానా కేసులు అబద్ధం.' వచ్చిందా? గోదావరి నీళ్ల లెక్కనే! కేసు అబద్ధమైతే శిక్ష పడదు, నిజమే. శిక్ష పడలేదు కాబట్టి కేసు అబద్ధమని రాదు. దర్యాప్తు సక్కగ చేయకున్నా పడదు. సాక్షి బెదిరినా పడదు. ఆలస్యమైనా పడదు. కేసు నిలవకపోవడానికి దర్యాప్తు లోపాలు కారణం కావచ్చని, ఒక కులపోళ్లందరూ అబద్ధాలాడుతరని ముందే అనుకోరాదని 2019 తీర్పు కూడా ఒప్పుకున్నది.

చుండూరు గుర్తు తెచ్చుకోండ్రి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ ఇడిసిపెట్టింది. 'రుజువు కాలేదు' అన్నది ఒక వాక్యం. 'జరగలేదు' అన్నది ఇంకో వాక్యం. మొదటి దాని నుండి రెండోది రాదు. ఎనిమిది సమాధులు ఉన్న ఊళ్లె ఏమీ జరగలేదని ఎవడంటడు? కాని ఈ తేడా తెలిసి కోపం తెచ్చుకుంటే సరిపోదు. మొదటి రోజు నుండి రుజువును ఎట్ల కాపాడుకోవాలె అన్నది నేర్చుకోవాలె.

కమిటీ తీర్మానాన్ని విప్పి చూద్దాం

ఇగ మన జిల్లాకు వద్దాం. నిజామాబాద్ జిల్లాలో, అందులోనూ ఆర్మూర్ పక్క, గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేసి, కట్టనోళ్లను వెలి వేసిన వార్తలు పేపర్లల్ల ఎన్నిసార్లు వచ్చినయో లెక్క లేదు. ఆ తీర్మానం ఇట్ల ఉంటది: 'ఫలానోళ్లు ఊరి మాట వినలేదు. కాబట్టి వాళ్లకు కిరాణం ఇయ్యొద్దు, కూలికి పిలవొద్దు, ట్రాక్టరు పంపొద్దు.'

చెప్పని మాటలు గుంజుదాం. ఒకటి: కమిటీ మాటే ఊరి మాట. నిజమా? ఊరికి చట్టం ఇచ్చిన పాలన గ్రామపంచాయతీ. 73వ రాజ్యాంగ సవరణ, మన రాష్ట్రంలో 2018 పంచాయతీరాజ్ చట్టం దానికి ఆధారం. ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే, సభ్యురాలే. కమిటీకి ఓటేసినోళ్లు ఎవరు? రెండు: కమిటీకి జరిమానా వేసే అధికారం ఉన్నది. ఏ చట్టం ప్రకారం? కాగితం చూపుమనండ్రి. మూడు: 'అన్ని కులాల పెద్దమనుషులూ కూర్చున్నరు, కాబట్టి అందరూ ఒప్పుకున్నరు.' మనోడొకడు చివరన కూర్చొని తల ఊపితే మన వాడంతా ఒప్పుకున్నట్టు వస్తదా? రాదు.

వెలి వేయడం ఆచారం కాదు, నేరం. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుండి అమలుకొచ్చింది. సెక్షన్ 3(1)(జెడ్ సి) ప్రకారం ఎస్సీ, ఎస్టీలను సాంఘికంగా గాని ఆర్థికంగా గాని బహిష్కరించినా, బహిష్కరిస్తమని బెదిరించినా శిక్ష. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలె.

కాని నేరమని చట్టంలో ఉన్నంత మాత్రాన కేసు నిలవదు. ఫిర్యాదులో కూడా తీర్మానం ప్రకటనల నుండి రావాలె. 'మమ్ములను వెలి వేసిండ్రు' అన్నది తీర్మానం. దాని పైన ప్రకటనలు రాయాలె గదా!

దీనికి మన పాత తర్కశాస్త్రమే దారి చూపుతది. తర్కం బాపనోళ్ల సొత్తు అనుకోవద్దు. దిఙ్నాగుడు, ధర్మకీర్తి బౌద్ధులు. కొండ మీద పొగ చూసి నిప్పున్నదని చెప్పాలంటే మూడు చూడాలని దిఙ్నాగుడు నేర్పిండు. కొండ మీద పొగ నిజంగా ఉన్నదా? నిప్పున్న వేరే చోట కూడా పొగ కనబడిందా? నిప్పు లేని చోట పొగ లేకుండా ఉన్నదా? ఈ మూడూ నిలిస్తేనే తీర్మానం నిలుస్తది.

దీన్ని వెలి మీద పెట్టండ్రి. కిరాణం కొట్టోడు ఒకనాడు సామాను ఇయ్యలేదు. అంత మాత్రాన వెలి అని రాదు. సరుకు అయిపోయి ఉండొచ్చు, పాత బాకీ ఉండొచ్చు. కాబట్టి మొదట, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏమి అడిగితే ఏమన్నడో రాయండ్రి. రెండోది, అదే రోజు ఇంకో కొట్టు, హోటలు, ట్రాక్టరోళ్లు, కూలికి పిలిచేటోళ్లు కూడా కాదన్నరా రాయండ్రి. మూడోది అందరూ మరిచిపోయేది: అదే పూట ఆ కొట్లనే వేరే వాడోళ్లకు సామాను ఇచ్చిండ్రా? బాకీ ఉన్నోళ్లకు కూడా ఇచ్చిండ్రా? ఇచ్చిండ్రంటే బాకీ సాకు, సరుకు లేదన్న సాకు రెండూ పోతయి. చాటింపు ఎప్పుడు వేసిండ్రో కూడా చేరిస్తే తీర్మానం తనంతట తానే నిలబడుతది. అప్పుడు మీరు కేక వేయనక్కర లేదు, కాగితమే మాట్లాడుతది.

రాసేటప్పుడు కాగితాన్ని మూడు గడులు చేయండ్రి: చూసింది, విన్నది, అనుకున్నది. మూడింటినీ కలపొద్దు. 'సర్పంచే చేయించిండు' అని మీకు అనిపిస్తే అది మూడో గడిలో ఉండాలె. రుజువు దొరికిన నాడు మొదటి గడిలకు వస్తది.

మనలోకి మనం

ఇంకొక మాట, మనకు చేదుగ ఉంటది. ఇదే కొలత మన మాటలకూ పెట్టాలె. 'ఫలానా కులపోడు మోసం చేసిండు, ఆ కులమంతా అంతే' అని మన మీటింగులల్ల వినబడుతది. కొందరి నుండి అందరికి దూకడం వాళ్లు చేస్తే తప్పు, మనం చేస్తే ఒప్పు కాదు. 'మనోడు చెప్పిండు కాబట్టి నిజం' అన్నది కూడా రాని తీర్మానమే. నాయకుడు చెప్పినా, పుస్తకంలో ఉన్నా, ఆఖరికి ఈ మైకులో మేము చెప్పినా, వచ్చిందా, నిజమా అని అడగండ్రి. తాతల నుండి వచ్చిందని నమ్మి మన తాతలు ఎంత పోగొట్టుకున్నరో చాలు.

పిల్లలకు ఒక పని. రోజుకు పది ప్రశ్నలు చేయండ్రి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న కింద, వచ్చిన మార్కు కాదు, ఎక్కడ దూకిండ్రో రాసుకోండ్రి. బయట తెలిసింది లోపల పెట్టిండ్రా, కొందరిని అందరిని చేసిండ్రా, 'అయితే'ను తిరగేసిండ్రా. నెల తిరిగేసరికి మీ దూకుడు ఏదో మీకే తెలుస్తది.

కార్యకర్తలకు ఒక పని. ఈ నెలలో మీ దగ్గరికి వచ్చే ప్రతి ఫిర్యాదును ఠాణాకు పంపే ముందు ఈ పిల్లలల్ల ఒకరి చేతికి ఇయ్యండ్రి. ఏ వాక్యం నుండి ఏ వాక్యం వచ్చిందో గీత గీసి చూపుమనండ్రి. గీత తెగిన చోటకు మళ్లీ పోయి అడిగి రాసుకు రండ్రి. పిల్లలకు పరీక్ష వస్తది, మీకు కేసు నిలుస్తది.

పల్లెలల్ల మనల్ని ఏమీ తెలియనోళ్లన్నరు. కూలి ఎంత, తూకం ఎంత, కోత ఎంత అన్నది మన అవ్వలు వేళ్ల మీద లెక్కించి అడగంగ మేము చిన్ననాటి నుండి చూస్తున్నం. ఆ అడగడమే తర్కం. దాన్ని కాగితం మీదికి తెద్దాం. రేపు కమిటీ చాటింపు వేస్తే భయపడి ఇంట్లకు పోవద్దు, కోపంతో కట్టె పట్టొద్దు. పది మంది కలిసి పోయి ఒక్కటే అడగండ్రి: ఈ తీర్మానం ఎక్కడి నుండి వచ్చింది?

జై భీమ్!